ప్రోస్టేట్ క్యాన్సర్ ముక్కలో కొలెస్ట్రాల్ రిసెప్టర్లు చూడటం ఎలా: బెంగళూరులో థీసిస్ చేస్తున్న తెలుగు విద్యార్థుల కోసం

బెంగళూరు మెడికల్ కాలేజీల్లో, రీసెర్చ్ ల్యాబుల్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. అనంతపురం, కర్నూలు, తిరుపతి నుంచి వచ్చి పాథాలజీలో ఎండీ చేస్తున్నవాళ్లు, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీలో చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరికి ఈ టాపిక్ తగులుతూనే ఉంటుంది. గైడ్ ఒక్క ముక్కలో చెప్పేస్తారు: "ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఎల్‌డీఎల్ రిసెప్టర్ ఎక్స్‌ప్రెషన్ చూడు." అంటే రక్తంలోని ఎల్‌డీఎల్ రేణువుల నుంచి కొలెస్ట్రాల్‌ను కణంలోకి తెచ్చే ప్రోటీన్ గడ్డలో ఎంత తయారవుతోందో చూడమని. ఎక్కడ చూడాలి, చూసింది నిజమని ఎలా నమ్మాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

ఆ ప్రోటీన్‌కు అంటుకునే యాంటీబాడీ వేసి, అది ఉన్నచోట గోధుమ రంగు తెప్పించడం ఇందులో తేలికైన పని. బ్లాకులు (ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోసి దాచిన కణజాలం) దొరికాక ఎవరైనా వారంలో చేసేస్తారు. ఆ రంగు దేని గురించి చెబుతోందో తేల్చుకోవడానికే నెలలు పడుతుంది. అందుకే ఇక్కడ స్టెయినింగ్ గురించి అవసరమైనంతే రాసి, దాని ముందూ వెనకా ఉన్న పనుల గురించి ఎక్కువ రాస్తున్నాను.

1. ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకోండి

ప్రోస్టేట్‌కూ కొలెస్ట్రాల్‌కూ లంకె ఈనాటిది కాదు. వయసుతో ఉబ్బిన ప్రోస్టేట్‌లో మామూలు దానికన్నా కొలెస్ట్రాల్ ఎక్కువ ఉంటుందని 1942లోనే స్వయర్ అనే పరిశోధకుడు కొలిచి చూపించాడు. ఏ కణానికైనా పొర కట్టుకోవడానికి కొలెస్ట్రాల్ కావాలి. ప్రోస్టేట్ క్యాన్సర్ కణానికి ఇంకో అవసరం కూడా ఉంది. టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్లకు ముడిసరుకు కొలెస్ట్రాలే. హార్మోన్ చికిత్సతో వృషణాల నుంచి వచ్చే సరఫరా ఆపేసినా, కొన్ని గడ్డలు తమ హార్మోన్‌ను తామే తయారు చేసుకుంటాయి. అబిరాటెరోన్ అనే మందు అడ్డుకునేది ఆ తయారీనే.

మరి కణానికి కొలెస్ట్రాల్ ఎక్కడి నుంచి వస్తుంది? బెంగళూరులో సొంత ఇల్లున్నవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. వీధిలోంచి కావేరి కనెక్షన్ ఉంటుంది, పెరట్లో బోరూ ఉంటుంది. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌ను లోపలికి తెచ్చే రిసెప్టర్లు కావేరి కనెక్షన్. కణం లోపలే జరిగే తయారీ బోరు. ఆ తయారీలో రెండు కీలకమైన ఎంజైములున్నాయి. ఒకటి స్టాటిన్ మందులు అడ్డుకునే హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్, రెండోది స్క్వాలీన్ మోనోఆక్సిజనేజ్.

రిసెప్టర్లలో మీకు పని పడేది ముఖ్యంగా రెండింటితో. ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను కనిపెట్టి, అది పనిచేసే తీరు విప్పి చెప్పినందుకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఇది ఎల్‌డీఎల్ రేణువును పట్టుకుని రేణువుతో సహా కణంలోకి వెళుతుంది. సరుకు లోపల దింపి, తాను మళ్లీ పైపొరకు వస్తుంది. రెండోది ఎస్‌ఆర్‌బీ1. ఇది కొలెస్ట్రాల్ మోసే మరో రకం రేణువైన హెచ్‌డీఎల్‌కు రిసెప్టర్ అని 1996లో తేలింది. దీని పద్ధతి వేరు. రేణువును మింగదు, అందులోని కొలెస్ట్రాల్ ఎస్టర్‌ను (నిల్వ రూపంలోని కొలెస్ట్రాల్‌ను) మాత్రం లాగేసుకుని రేణువును వదిలేస్తుంది. రెండింటి పద్ధతీ వేరు కాబట్టి స్లైడ్ మీద అవి కనిపించే చోటు కూడా కొంత వేరుగా ఉంటుంది. దాని సంగతి తర్వాత వస్తుంది.

ఇక అసలు చిక్కు. ఈ విషయంలో వచ్చిన పరిశోధనలు ఒక మాట మీద లేవు. కొలెస్ట్రాల్ చాలినంత ఉంటే మామూలు కణం ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను తగ్గించుకుంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో ఈ అదుపు తప్పిందని 2001లో కణజాల కల్చర్‌లో చూపించారు. పీటెన్ అనే జన్యువు పోయిన గడ్డల్లో కొలెస్ట్రాల్ ఎస్టర్ బొట్లుబొట్లుగా పేరుకుంటుందని, అది బయటి ఎల్‌డీఎల్ నుంచి వస్తున్నదేనని 2014లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పారు. ఎస్‌ఆర్‌బీ1 ఎక్కువున్న గడ్డలు ముదురు రకానివని 2015లో మరో బృందం రాసింది. ఇవన్నీ చదివి "సరే, క్యాన్సర్‌లో రిసెప్టర్లు పెరుగుతాయన్నమాట" అనుకునే లోపు 2017 నాటి పరిశోధన ఒకటి ఎదురొస్తుంది. అమెరికా, స్వీడన్‌లలో ఏళ్లపాటు గమనించిన రోగుల గడ్డల్లో ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు పంపే నకలు) కొలిచారు. గ్లీసన్ గ్రేడ్ (మైక్రోస్కోప్ కింద గ్రంథుల ఆకారం ఎంత చెడిందో చెప్పే కొలత) పెరిగేకొద్దీ ఎల్‌డీఎల్ రిసెప్టర్ తగ్గింది. ప్రాణం మీదికి తెచ్చిన గడ్డల్లోనూ తక్కువే ఉంది. ఎస్‌ఆర్‌బీ1కు గ్రేడ్‌తో సంబంధమే కనబడలేదు. పెరిగింది స్క్వాలీన్ మోనోఆక్సిజనేజ్. అంటే ఆ గడ్డలు నమ్ముకున్నది బోరును.

ఇందులో ఎవరో ఒకరు తప్పు చేశారనుకోకండి. ఒకరు కల్చర్ కణాలు చూశారు, ఒకరు ఎంఆర్ఎన్ఏ, ఇంకొకరు ప్రోటీన్. మీ థీసిస్‌కు ప్రశ్న దొరికేది ఈ తేడాలోనే. "ఎక్స్‌ప్రెషన్ అధ్యయనం" అని గాలికి వదిలేయకుండా ఒక్క వాక్యంలో రాసుకోండి: "చికిత్స మొదలుకాని రోగుల గడ్డల్లో, అదే స్లైడ్‌లోని మామూలు గ్రంథులతో పోలిస్తే, ఎల్‌డీఎల్ రిసెప్టర్ ప్రోటీన్ గ్రేడ్‌ను బట్టి మారుతుందా?" ఇలాంటి వాక్యం ఒకటి చేతిలో ఉంటే ఏ బ్లాకులు తీయాలో, ఏవి వద్దో దానంతట అదే తేలుతుంది.

2. అనుమతులు, రోగితో మాట

బ్లాకులు అడగడానికి ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రావాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలే ఇక్కడ ఆధారం. రోగ నిర్ధారణ అయిపోయాక మిగిలిన పాత బ్లాకులను, పేరూ ఊరూ తీసేసి వాడుకునేట్టయితే, ప్రత్యేక సమ్మతి అవసరం లేకుండా కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అంటే అడగాలి, రాతపూర్వకంగా రావాలి. తర్వాత తీసుకుంటాంలే అంటే కుదరదు. విదేశీ ల్యాబ్‌తో కలిసి చేస్తూ నమూనాలు బయటికి పంపాలనుకుంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ దారి వేరే ఉంది, దానికి టైమ్ పడుతుంది. ఎండీ విద్యార్థికి అంత టైమ్ ఉండదు. నా మాట విని ఆ జోలికి పోకండి.

కొత్తగా ఆపరేషన్ అయ్యేవాళ్ల ముక్కలు తీసుకుంటుంటే మాత్రం సమ్మతి పత్రం తప్పదు. బెంగళూరు ఆస్పత్రులకు హిందూపురం, మదనపల్లి, ధర్మవరం వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు ఎందరో. కన్నడ, ఇంగ్లిష్ పత్రాలు చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి కాదు. తెలుగు పత్రం కూడా కమిటీకి పెట్టి ఆమోదం తీసుకోండి. మీరు తెలుగువాళ్లయినందుకు ఈ పని మీకే అప్పజెబుతారు, అదీ మంచిదే.

వార్డులో మాట దాదాపు ఇలా నడుస్తుంది. "పెద్దాయనా, ఆపరేషన్‌లో తీసిన గడ్డను పరీక్షకు పంపుతాం. అందులో మిగిలిన చిన్న ముక్కను చదువు కోసం వాడుకుంటాం. దీనికోసం మిమ్మల్ని మళ్లీ కోసేది లేదు, ఖర్చు లేదు. వద్దంటే వైద్యం ఏమీ ఆగదు." పక్కనున్న కొడుకు వెంటనే అడుగుతాడు: "సార్, నాయన కొలెస్ట్రాల్ మాత్ర ఏసుకుంటాడు. అది నిలపాల్నా?" ఈ ప్రశ్నకు మీ జవాబు ఒకటే. "నిలపొద్దు. అది గుండె కోసం రాసిన మందు. ఏ మార్పయినా దాన్ని రాసిన డాక్టరే చెప్పాలి." చదువు గురించి మాట్లాడబోయి వైద్యం చెప్పేయకండి.

ఆ కొడుకు మాటలో మీకు పనికొచ్చే సమాచారం కూడా ఉంది. ఆ పెద్దాయన స్టాటిన్ వాడుతున్నాడు. అది అక్కడికక్కడే రాసుకోవాలి.

3. బ్లాకుల ఎంపిక

ముందు ఒక షీట్ తయారు చేసుకోండి. వయసు, పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్త పరీక్ష), గ్లీసన్ స్కోరు, గ్రేడ్ గ్రూపు, దశ, నమూనా రకం, హార్మోన్ చికిత్స జరిగిందా లేదా, స్టాటిన్, షుగరు, ఉంటే రక్తంలో లిపిడ్ ప్రొఫైల్. పాత కేసు షీట్లలో స్టాటిన్ సంగతి చాలాసార్లు దొరకదు. దొరకని చోట "లేదు" అని నింపకండి, "తెలియదు" అని నింపండి. ఈ ఒక్క గడి వల్ల తర్వాత లెక్కలన్నీ తలకిందులవుతాయి. స్టాటిన్ వేసుకుంటే కణం లోపల తయారీ తగ్గుతుంది, దాంతో ఎస్‌ఆర్‌ఈబీపీ2 అనే ప్రోటీన్ మేల్కొని ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ను పెంచుతుంది. కాలేయంలో జరిగేది ఇదే, మందు పనిచేసేదే ఇలా. గడ్డలోనూ ఎంతో కొంత జరిగితే, మీరు చూస్తున్నది క్యాన్సర్ తీరా, మందు ప్రభావమా?

హార్మోన్ చికిత్స జరిగిన కేసులను కలిపేయకండి. ఆండ్రోజెన్ కూడా ఇదే ఎస్‌ఆర్‌ఈబీపీ వ్యవస్థను కదిలిస్తుంది. ఆ కేసులు కావాలంటే విడి గుంపుగా పెట్టుకోండి.

నమూనా రకం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ప్రోస్టేట్ మొత్తం తీసిన ఆపరేషన్ బ్లాకులు అన్నిటికన్నా మేలు. గడ్డ పెద్దది, మామూలు గ్రంథులు పక్కనే ఉంటాయి, ఒకే రోగిలో ఒకటికి రెండు చోట్ల గడ్డ ఉంటే అదీ తెలుస్తుంది. నీడిల్ బయాప్సీలో కోర్ దారంలా సన్నగా ఉంటుంది. అందులో క్యాన్సర్ మిల్లీమీటరో రెండో ఉంటే, పలుచటి సెక్షన్లు కోసే మైక్రోటోమ్ మీద ఇంకాస్త లోతుకు కోసేసరికి అది కాస్తా మాయమైపోతుంది. అందుకే బయాప్సీ బ్లాక్ అయితే మీ సెక్షన్లకు ముందొకటి, వెనకొకటి హెచ్ అండ్ ఈ (మామూలు నీలం, గులాబీ రంగుల) సెక్షన్ తీసి, గడ్డ రెండింటిలోనూ ఉందని చూసుకోండి. మూత్రనాళం గుండా గీకి తీసిన ముక్కల్లో కరెంటు వేడికి అంచులు మాడి ఉంటాయి. మాడినచోట యాంటీబాడీ ఇష్టమొచ్చినట్టు అంటుకుంటుంది. ఎముకకు పాకిన గడ్డల సంగతి మరీ కష్టం. ఎముకను మెత్తబరచడానికి ఆమ్లంలో ఉంచుతారు కాబట్టి ప్రోటీన్లు, ఆర్ఎన్ఏ రెండూ దెబ్బతింటాయి. వాటిని మిగతా వాటితో ఒకే గాటన కట్టకండి.

ఫిక్సేషన్ (కణజాలం చెడకుండా ఫార్మలిన్‌లో ఉంచడం) సంగతి టెక్నీషియన్‌ను అడిగి తెలుసుకోండి. పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో కనీసం ఆరు గంటలు, మూడు రోజులు దాటకుండా ఉన్నవి మంచివి. శనివారం మధ్యాహ్నం ఆపరేషన్ అయి, ప్రోస్టేట్‌ను కోయకుండా డబ్బాలో పడేసి సోమవారం దాకా ఉంచితే, అంచులు బాగానే ఉంటాయి, మధ్యభాగానికి ఫార్మలిన్ ఆలస్యంగా చేరుతుంది. అలాంటి బ్లాక్‌లో అంచున గోధుమ రంగు, మధ్యలో తెలుపు కనిపిస్తే అది జీవశాస్త్రం కాదు.

టిష్యూ మైక్రోఅర్రే చేయాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. 1998 నుంచి వాడుకలో ఉన్న పద్ధతే. ఒక్కో బ్లాక్ నుంచి 0.6 మిల్లీమీటర్ల చుక్కలు తీసి ఒకే బ్లాక్‌లో పేరుస్తారు. అన్ని కేసులూ ఒకే స్లైడ్ మీద, ఒకే స్టెయిన్‌లో వస్తాయి. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ చోటుకో రకంగా ఉండే జబ్బు. ఒక్క చుక్కతో సరిపెట్టకండి. గడ్డ నుంచి మూడైనా, మామూలు భాగం నుంచి ఒకటైనా తీయండి.

4. యాంటీబాడీని నమ్మే ముందు

చాలా థీసిస్‌లు ఇక్కడే కూలతాయి. డబ్బాలో వచ్చిన కాగితం మీద "ఐహెచ్‌సీకి పనికొస్తుంది" అని రాసి ఉంటుంది. ఐహెచ్‌సీ అంటే ఇలా యాంటీబాడీతో ముక్క మీద రంగు తెప్పించడమే. ఏ కణజాలం మీద, ఏ రిట్రీవల్‌తో (ఫార్మలిన్ కట్లు విప్పే వేడి పద్ధతితో) అన్నది చదవకుండా నేరుగా రోగి స్లైడ్ల మీద వేసేస్తారు. ప్రోస్టేట్ మీద వేయడానికి ముందు మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది వెస్టర్న్ బ్లాట్, అంటే ప్రోటీన్లను బరువు వారీగా విడదీసి యాంటీబాడీ దేనికి అంటుకుందో చూడటం. ముదిరిన ఎల్‌డీఎల్ రిసెప్టర్ దాదాపు 160 కిలోడాల్టన్ల దగ్గర, చక్కెర ఇంకా పూర్తిగా అతకని రూపం 120 దగ్గర కనిపిస్తుంది. ఎస్‌ఆర్‌బీ1 సుమారు 82 దగ్గర. ఎక్కడో 50 దగ్గర లావుపాటి గీత ఒక్కటే వస్తే ఆ సీసాను పక్కన పెట్టండి. అయితే బ్లాట్‌లో గెలిచిన యాంటీబాడీ ఫార్మలిన్ ముక్కలో గెలవాలని లేదు. బ్లాట్‌లో ప్రోటీన్ విప్పుకుని ఉంటుంది, ముక్కలో ఫార్మలిన్ కట్లు పడి ఉంటుంది.

అందుకని రెండో పరీక్ష. హెప్‌జీ2 అనే కాలేయ కణాలను రెండు ఫ్లాస్కుల్లో పెంచండి. ఒకదానికి మామూలు సీరం. రెండోదానికి లిపోప్రోటీన్లు తీసేసిన సీరంతో పాటు కొంచెం స్టాటిన్. రెండో ఫ్లాస్కులో ఎల్‌డీఎల్ రిసెప్టర్ పెరగాలి, అది పాఠ్యపుస్తక జ్ఞానం. కణాలను గీకి, గుళికలా చేసి, ఫార్మలిన్‌లో పెట్టి, రోగి ముక్కలాగే మైనంలో పోసి బ్లాక్ చేయండి. రెండు గుళికల మధ్య రంగులో తేడా కనబడితే మీ యాంటీబాడీ తన పని చేస్తోంది. జన్యువును సైలెన్స్ చేసిన కణాలు దొరికితే ఇంకా మంచిది. బెంగళూరులో ఉన్నందుకు లాభం ఇదే. కాలేజీలో కల్చర్ సౌకర్యం లేకపోయినా, ఊళ్లో ఉన్న ఇన్ని పరిశోధన సంస్థల్లో ఎక్కడో ఒకచోట హెప్‌జీ2 పెంచుతున్న తెలుగు సీనియర్ దొరక్కపోరు.

మూడోది పాజిటివ్ కంట్రోల్ కణజాలం. ఎస్‌ఆర్‌బీ1కు అడ్రినల్ కార్టెక్స్‌ను మించింది లేదు, తర్వాత కాలేయం. అడ్రినల్ ఎక్కడ దొరుకుతుందని కంగారు పడకండి. కిడ్నీ క్యాన్సర్‌కు కిడ్నీ తీసేటప్పుడు కొన్నిసార్లు పైనున్న అడ్రినల్ కూడా వస్తుంది. మీ విభాగం పాత రిజిస్టర్ తిరగేస్తే అలాంటి బ్లాక్ దొరుకుతుంది. దాని వాడకానికీ కమిటీ అనుమతి దరఖాస్తులోనే ఒక లైన్ రాసి పెట్టుకోండి.

5. స్టెయినింగ్

మూడు నుంచి నాలుగు మైక్రాన్ల సెక్షన్లు, చార్జ్ ఉన్న స్లైడ్ల మీద. అన్నీ ఒకేసారి కోసి నెలల తరబడి బల్ల మీద ఉంచితే యాంటిజెన్ తగ్గిపోతుంది. కోసిన కొద్ది రోజుల్లోనే స్టెయిన్ చేయండి, ఆగాల్సి వస్తే నాలుగు డిగ్రీల్లో మూసిన పెట్టెలో దాచండి. అరవై డిగ్రీల్లో గంటసేపు ఉంచి, జైలీన్‌లో మైనం కరిగించి, ఆల్కహాల్ మెట్లు దిగి నీళ్లలోకి తేవడం మీకు తెలిసిందే.

రిట్రీవల్ దగ్గర మాత్రం ఊరు చూసుకోవాలి. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఏ చెన్నై ల్యాబ్ నుంచో తెచ్చుకున్న ప్రోటోకాల్‌లో "98 డిగ్రీలు, 20 నిమిషాలు" అని ఉంటే, తెరిచిన పాత్రలో మీరెంత మంట పెట్టినా అక్కడికి చేరరు. బఫర్ మరిగి మరిగి, ముక్క లేచిపోతుంది. వాటర్‌బాత్‌ను 95 దగ్గర నిలిపి టైమ్ కొంచెం పెంచండి, లేదా ప్రెషర్ కుక్కర్ వాడండి. కుక్కర్‌లో పూర్తి ప్రెషర్ వచ్చాక రెండు మూడు నిమిషాలు చాలు. సిట్రేట్ పీహెచ్ 6, ట్రిస్ ఈడీటీఏ పీహెచ్ 9 రెండూ కంట్రోల్ ముక్క మీద వేసి చూసి, ఏది శుభ్రంగా ఉంటే అది ఖాయం చేయండి. దించాక బఫర్‌లోనే ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. ఆత్రపడి చన్నీళ్ల కింద పెట్టకండి.

తర్వాత మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పది నిమిషాలు, ప్రోటీన్ బ్లాక్, ఆపై ప్రైమరీ యాంటీబాడీ (రిసెప్టర్‌కు నేరుగా అంటుకునేది). నా ఓటు రాత్రంతా నాలుగు డిగ్రీల్లో ఉంచడానికే. "రూమ్ టెంపరేచర్‌లో గంట" అంటే డిసెంబరు బెంగళూరులో ఒకటి, మే నెల చెన్నైలో ఇంకొకటి. ఫ్రిజ్‌కు ఆ గొడవ లేదు. డైల్యూషన్ ఎంతన్నది కంపెనీ చెప్పినదాన్ని మధ్యలో పెట్టి, అటు రెండు ఇటు రెండు వేసి చూసి తేల్చుకోవాలి. కాలేయం లాంటి కణజాలాల్లో సహజంగా ఉండే బయోటిన్ వల్ల దొంగ రంగు రాకుండా పాలిమర్ డిటెక్షన్ కిట్ వాడండి.

గోధుమ రంగునిచ్చే డ్యాబ్ వేసేటప్పుడు కంట్రోల్ స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తూ టైమ్ నిర్ణయించండి. ఒకసారి నిర్ణయించాక అన్ని స్లైడ్లకూ సెకన్లతో సహా అదే టైమ్. డ్యాబ్ క్యాన్సర్ కలిగించవచ్చని అనుమానమున్న రసాయనం. గ్లవుజులు తప్పనిసరి, సింక్‌లో పోయడం నిషిద్ధం. న్యూక్లియస్‌లకు నీలం రంగునిచ్చే హెమటాక్సిలిన్ తేలిగ్గా వేయండి. నీలం ముదిరితే పలుచటి గోధుమ రంగు దాని కింద కనబడకుండా పోతుంది.

ప్రతి బ్యాచ్‌లో మూడు అదనపు స్లైడ్లు ఉండాలి: అడ్రినల్ లేదా కాలేయం, ప్రైమరీ వేయని స్లైడ్, ప్రైమరీకి బదులు అదే జాతి జంతువు మామూలు యాంటీబాడీ వేసిన స్లైడ్. మొత్తం కేసులు ఒకే బ్యాచ్‌లో పట్టకపోతే, గ్రేడ్ల వారీగా బ్యాచ్‌లు చేయకండి. అన్ని గ్రేడ్లూ ప్రతి బ్యాచ్‌లో కలిసేలా పంచండి.

6. మైక్రోస్కోప్ దగ్గర

స్లైడ్ పెట్టగానే క్యాన్సర్ దగ్గరికి పరుగెత్తకండి. ముందు కంట్రోల్, తర్వాత అదే స్లైడ్‌లోని మామూలు గ్రంథి. దాని చుట్టూ బేసల్ కణాల వరుస ఉంటుంది, క్యాన్సర్ గ్రంథికి అది ఉండదు. అనుమానమున్నచోట పక్క సెక్షన్‌లో బేసల్ కణాలను చూపే పీ63, హై మాలిక్యులర్ వెయిట్ సైటోకెరటిన్, క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే ఏఎంఏసీఆర్ కలిపి వేసి ఖాయం చేసుకోండి. ఏది క్యాన్సరో తేలకుండా ఎంత రంగుందో రాసి లాభం లేదు.

ఎస్‌ఆర్‌బీ1 అంచుల వెంబడి గీతలా వస్తుంది, లోపల కూడా కొంత ఉండవచ్చు. ఎల్‌డీఎల్ రిసెప్టర్ పొర మీదికీ లోపలికీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి సైటోప్లాజంలో సన్నటి చుక్కలుగా కనబడటం సహజం. న్యూక్లియస్ నిండా గోధుమ రంగు కనిపిస్తే మాత్రం సంతోషించకండి. ఈ రెండు రిసెప్టర్లకూ అక్కడ పని లేదు. రిట్రీవల్ ఎక్కువైందో, యాంటీబాడీ చిక్కనైందో చూడండి.

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది సెమినల్ వెసికిల్ (ప్రోస్టేట్‌కు ఆనుకుని ఉండే, వీర్యద్రవం తయారుచేసే గ్రంథి). దాని కణాల్లో లిపోఫుసిన్ అనే బంగారు గోధుమ రంగు పదార్థం సహజంగానే ఉంటుంది. చూడటానికి అచ్చం డ్యాబ్ లాగే. పైగా ఆ కణాల న్యూక్లియస్‌లు పెద్దవిగా, వికారంగా ఉండి క్యాన్సర్‌ను తలపిస్తాయి. రెండూ కలిసి కొత్తవాళ్లను నిలువునా ముంచుతాయి. ప్రైమరీ వేయని స్లైడ్‌లో అదే చోటు చూడండి. అక్కడా గోధుమ రంగే ఉంటే అది లిపోఫుసిన్. ఇక గడ్డ చుట్టూ చేరే మాక్రోఫేజ్‌లు కొలెస్ట్రాల్‌ను మింగే కణాలు, వాటిలో రిసెప్టర్లు బాగానే ఉంటాయి. గ్రంథుల మధ్య దూరి కూర్చుంటే వాటిని క్యాన్సర్ లెక్కలో వేసేస్తాం. ముక్క అంచు మొత్తం ఒకే రీతిలో ముదురుగా ఉంటే అది ఎండిపోయిన అంచు, లెక్కలోకి తీసుకోకండి.

ఇంకో మాట. "కొలెస్ట్రాల్ కూడా చూపించొచ్చు కదా, ఆయిల్ రెడ్ ఓ వేద్దాం" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మైనపు బ్లాక్ మీద అది కుదరదు. ఆల్కహాల్, జైలీన్ దాటేసరికి కొవ్వంతా కరిగి పోతుంది. కొవ్వు బొట్లు చూడాలంటే ఫ్రోజెన్ సెక్షన్లే కావాలి. మైనపు బ్లాక్‌లో మీకు కనబడేది తలుపు మాత్రమే, దానిలోంచి ఏమొచ్చిందో కాదు. థీసిస్ చర్చలో "కొలెస్ట్రాల్ దిగుమతి పెరిగింది" అని రాయబోయే ముందు ఇది గుర్తుంచుకోండి.

7. స్కోరు

హెచ్ స్కోర్ సరిపోతుంది. పలుచగా రంగున్న కణాల శాతాన్ని ఒకటితో, మధ్యస్థాన్ని రెండుతో, ముదురును మూడుతో హెచ్చించి కూడాలి. గడ్డలో 40 శాతం కణాలు పలుచగా, 30 మధ్యస్థంగా, 10 ముదురుగా, మిగతా 20 రంగు లేకుండా ఉంటే 40, 60, 30 కలిపి 130. మొత్తం 300కు. మామూలు గ్రంథులకు విడిగా వేయండి. పొర మీద, సైటోప్లాజంలో కూడా విడివిడిగా.

ఇద్దరు పాథాలజిస్టులు, ఒకరిది ఒకరు చూడకుండా, గ్రేడ్ తెలియకుండా వేయాలి. గ్రేడ్ తెలియకుండా అన్నది పూర్తిగా సాధ్యం కాదు, గ్రంథుల ఆకారం చూస్తే పాథాలజిస్టుకు తెలిసిపోతుంది. కనీసం పీఎస్ఏ, స్టాటిన్, రోగి పరిణామం దాచండి. ఇద్దరి స్కోర్ల పొంతన ఇంట్రాక్లాస్ కోరిలేషన్‌తో చూపించండి. స్లైడ్ స్కానర్ అందుబాటులో ఉంటే క్యూపాత్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. అయితే గడ్డ ఎక్కడుందో గీత గీసి చూపించాల్సింది మీరే. లిపోఫుసిన్‌కూ డ్యాబ్‌కూ తేడా దానికి తెలియదు.

8. ఎంఆర్ఎన్ఏతో సరిచూడటం

ఎల్‌డీఎల్ రిసెప్టర్ విషయంలో ఎంఆర్ఎన్ఏ ఒక మాట, ప్రోటీన్ ఒక మాట చెప్పడానికి గట్టి కారణం ఉంది. తయారైన రిసెప్టర్‌ను పీసీఎస్‌కే9, ఐడాల్ అనే ప్రోటీన్లు పట్టుకుని నాశనం చేయిస్తాయి. పైగా రిసెప్టర్‌ను పెంచే ఎస్‌ఆర్‌ఈబీపీ2 పీసీఎస్‌కే9ను కూడా పెంచుతుంది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టు. కాబట్టి మీ ఫలితం 2017 పరిశోధనతో కలవకపోతే తలపట్టుకోనక్కర్లేదు. కానీ ఎంఆర్ఎన్ఏ కూడా కొలిస్తే తేడా ఎక్కడుందో చెప్పగలుగుతారు.

డబ్బు లేకపోతే టీసీజీఏ (అమెరికాలో నడిచిన క్యాన్సర్ జన్యు సమాచార ప్రాజెక్టు) సమాచారం ఉచితం. సీబయోపోర్టల్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి, 2015లో ప్రచురించిన 333 ప్రోస్టేట్ గడ్డల డేటా తెరిచి, ఎల్‌డీఎల్ఆర్ (ఎల్‌డీఎల్ రిసెప్టర్), ఎస్‌సీఏఆర్‌బీ1 (ఎస్‌ఆర్‌బీ1), ఎస్‌క్యూఎల్‌ఈ (స్క్వాలీన్ మోనోఆక్సిజనేజ్) జన్యువులను గ్రేడ్‌తో పోల్చండి. ఒక సాయంత్రం పని. డబ్బుంటే మీ బ్లాకుల నుంచే ఆర్ఎన్ఏ తీయండి. గడ్డ భాగాన్ని మాత్రం గీకి తీసుకోవాలి. మైనపు బ్లాక్‌లో ఆర్ఎన్ఏ ముక్కలై ఉంటుంది కాబట్టి ప్రైమర్లు వంద బేస్‌ల లోపు ముక్కను పట్టేలా ఉండాలి. పోల్చడానికి జీఏపీడీహెచ్ జన్యువు ఒక్కదాన్నే రిఫరెన్స్‌గా పెట్టుకోకండి, క్యాన్సర్‌లో అదీ మారుతుంది.

9. లెక్కలు, రాత

ఎన్ని కేసులు కావాలో స్టాటిస్టిక్స్ వాళ్లను మొదట్లోనే అడగండి. అన్నీ అయ్యాక ఫైలు పట్టుకెళితే వాళ్లు చేయగలిగింది తక్కువ. ఒక రోగి నుంచి నాలుగు చుక్కలు తీస్తే అది నలుగురు రోగులు కాదు. "హెచ్చు", "తక్కువ" అని విడగొట్టే గీత ఎక్కడ పెట్టాలో ముందే రాసి పెట్టుకోండి. ఫలితాలు చూశాక గీతను జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట పీ విలువ 0.05 కిందకు రాక మానదు, దానికి విలువా ఉండదు. స్టాటిన్ వాడినవాళ్లను తీసేసి ఒకసారి, కలిపి ఒకసారి లెక్క చూడండి.

చర్చలో స్టాటిన్ల గురించి రాయాలన్న కోరిక ఆపుకోలేరు, పరీక్షకుడూ అడుగుతాడు. ఫిన్లాండ్‌లో ఆపరేషన్‌కు ముందు రోగులకు రోజుకు 80 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ ఇచ్చి, ప్లాసిబోతో పోల్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. మొత్తం మీద చూస్తే గడ్డ కణాల విభజన వేగంలో తేడా రాలేదు. ఇది తెలిసి ఉంటే "స్టాటిన్లతో ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుంది" అనే వాక్యం మీ థీసిస్‌లోకి చొరబడదు. మీ పనిలో తేలేది ఫలానా గ్రేడ్‌లో ఫలానా రిసెప్టర్ ఇంత కనిపించింది అన్నంత వరకే. నెగటివ్ ఫలితం వచ్చినా సిగ్గుపడకుండా రాయండి. పొంతన లేని పరిశోధనల మధ్య, మందుల వివరాలతో సహా శుభ్రంగా చేసిన నెగటివ్ ఫలితానికి విలువ ఎక్కువ.

10. బ్లాకులు తిరిగి ఇచ్చేయడం

పని అయిపోగానే బ్లాకులు మీ డ్రాయర్‌లో ఉండిపోకూడదు. జబ్బు ముదిరిన రోగికి ఏడాదో రెండేళ్లో గడిచాక బీఆర్‌సీఏ జన్యు పరీక్ష అవసరం పడవచ్చు. ఒలాపరిబ్ లాంటి మందు ఇవ్వాలా వద్దా అన్నది దాని మీద ఆధారపడుతుంది. ఆ పరీక్షకు కావలసింది మీరు కోసిన ఈ బ్లాకే. అందుకే నీడిల్ బయాప్సీ బ్లాక్‌ను అడుగంటా కోయకండి, గడ్డ మిగిలేలా ఆపండి. ఏ బ్లాక్ నుంచి ఎన్ని సెక్షన్లు తీశారో, ఇంకెంత మిగిలిందో ఆర్కైవ్ రిజిస్టర్‌లో రాసి, ఇన్‌చార్జ్ టెక్నీషియన్ సంతకం తీసుకుని అప్పగించండి.